అనంతగిరిలో ఆరుద్ర పురుగు

హైదరాబాదులో పడమటి దిక్కుగా పోయే రైలెక్కితే లింగంపల్లి, శంకరపల్లి దాటిన తరవాత వికారాబాదు వస్తుంది. దూరం సుమారు 70 కిలోమీటర్లు. ఈ దారిన రైళ్ళు నడవటం కొత్తేమీ కాదు. వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం కాలంలో, 1874లోనే రైలు వచ్చింది. లింగంపల్లి దాకా కిటికీలో నుంచి మేడలు తప్ప మరేమీ కనిపించవు. శంకరపల్లి దాటాక నేల బయటపడుతుంది. కాసేపు నల్లరేగడి, కాసేపు ఎర్రమట్టి. ఇంకా ముందుకు పోతే తాండూరు. అక్కడి కందులకు ఎంత పేరంటే, 2022లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు.

మనం మాత్రం వికారాబాదులోనే దిగాలి. ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో అనంతగిరి కొండలున్నాయి. కొండలన్నాను గదా అని ఆకాశాన్నంటే శిఖరాలను ఊహించుకోకండి. చెట్లు దట్టంగా పెరిగిన గుట్టలూ, వాటి మధ్య లోయలూ, అంతే. కొండ మీద అనంతపద్మనాభస్వామి ఆలయం ఉన్నది. ఇక్కడి గాలి మంచిదని ఒకప్పుడు క్షయరోగుల కోసం ఆసుపత్రి కట్టారు. హైదరాబాదు నడిబొడ్డున పారే మూసీనది పుట్టేది కూడా ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబరులో నగరాన్ని ముంచి, వేలమందిని పొట్టన పెట్టుకున్న నది ఇదేనంటే, పుట్టినచోట దాన్ని చూసినవాళ్ళకు నమ్మకం కలగదు.

ఈ కొండలు చూడటానికి వానాకాలంలో చాలామంది వస్తారు. చెట్లనూ, మబ్బునూ, గుడినీ చూసి, ఫోటోలు తీసుకుని సాయంత్రానికి వెళ్ళిపోతారు. నేనూ, మా మేనల్లుడూ 2023 జూన్ 24న అక్కడికి వెళ్ళింది వీటి కోసం కాదు. ఒక సెంటీమీటరు పొడుగుండే పురుగు కోసం.

అదే ఆరుద్ర పురుగు. మీలో పల్లెటూరివాళ్ళకు దాన్ని గురించి చెప్పనవసరం లేదు. పట్నంవాళ్ళ కోసం చెబుతాను. మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా లెక్కపెడతారు. సూర్యుడు ఏ నక్షత్రంలో ప్రవేశిస్తే ఆ కార్తె అన్నమాట. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది, రెండు వారాలుంటుంది. అప్పటికి తొలకరి పడి, నేల నానుతుంది. వాన వెలిసిన పొద్దున చూస్తే, ఎర్రటి మఖమలు గుడ్డను చిన్న చిన్న ఉండలుగా చేసి ఎవరో పొలంలో చల్లినట్టు, ఈ పురుగులు నేల మీద నడుస్తూ కనిపిస్తాయి. రంగులో గురిగింజను మించిపోతాయి. వేలు తగిలిందంటే కాళ్ళన్నీ ముడుచుకుని ఊరుకుంటాయి. ఎండ ముదిరేసరికి ఒక్కటి కనిపించదు. కొద్ది రోజుల తరవాత మళ్ళీ ఏడాది దాకా వాటి జాడే ఉండదు.

మా మేనల్లుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడికి ఈ పురుగు ముఖం ఫోటో తీయాలని కోరిక పుట్టింది. "దానికి కళ్ళుంటాయా, మామయ్యా?" అని అడిగాడు. ఉంటాయన్నాను. "నువ్వు చూశావా?" అన్నాడు. పుస్తకంలో చదివానేగాని చూడలేదు. అంత చిన్న కళ్ళు మామూలు చూపుకు ఆనవు గదా!

ఆ ఏడు ఋతుపవనం తెలంగాణకు ఆలస్యంగా వచ్చింది. మృగశిర కార్తె అంతా ఎండలే. ఆరుద్ర కార్తె వచ్చాక గాని మబ్బులు పట్టలేదు. మేము వెళ్ళింది శనివారం. సోమవారం వాడికి బడి ఉన్నది. అంటే ఆ శని, ఆదివారాల్లో వాన కురవాలి, కురిసి వెలియాలి, పురుగు బయటికి రావాలి. ఏ ఒక్కటి తప్పినా మళ్ళీ ఏడాది ఆగవలసిందే.

ఇక మా సరంజామా. ఒక పాత డిజిటల్ కెమేరా, మా నాన్నగారు ఫిల్మ్ రోజుల్లో వాడిన 50 మిల్లీమీటర్ల లెన్సు, ఒక గొడుగు, ట్రేసింగు కాగితాలు, వీటితోపాటు వాడు పుట్టినరోజు డబ్బుతో కొనుక్కున్న ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. ట్యూబులు మొత్తం 450 రూపాయలు. ఇటువంటి ఫోటోలు తీయటానికి మాక్రో లెన్సులని ప్రత్యేకంగా దొరుకుతాయి. వాటి ఖరీదు వందల్లో ఉండదు, పదుల వేలల్లో ఉంటుంది.

ఈ ట్యూబులంటే ఏమిటో చూస్తే మీకు నవ్వొస్తుంది. ఉత్త గొట్టాలు! వాటిలో అద్దం లేదు, యంత్రం లేదు. ఒకటి 7 మిల్లీమీటర్ల పొడుగు, ఇంకొకటి 14, మరొకటి 28. ఒకదానికొకటి మరలతో బిగుస్తాయి. ఒక కొసన కెమేరాకు తగిలించే ఉంగరం, రెండో కొసన లెన్సుకు తగిలించే ఉంగరం ఉంటాయి. మధ్య ఉండేది గాలి. రైల్లో మా ఎదుట కూర్చున్న పెద్దమనిషి ఒక గొట్టాన్ని అందుకుని, కన్నుకు ఆనించి కిటికీలో నుంచి చూశాడు. "ఇందులో ఏమీ పెద్దగా కనిపించటం లేదే!" అన్నాడు. ఆయన అన్నది నిజమే. గొట్టం దేన్నీ పెద్దది చెయ్యదు. లెన్సును కాస్త ముందుకు నిలబెడుతుంది, అంతే. పెద్దది చేసే పని లెన్సే చేస్తుంది.

ఇది ఎట్లాగో మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక భూతద్దం, కొవ్వొత్తి, తెల్లకాగితం అంటించిన అట్ట ఉంటే చాలు. కొవ్వొత్తి వెలిగించేటప్పుడు మాత్రం పెద్దవాళ్ళను దగ్గర ఉండమనండి. గదిలో దీపాలార్పి, కొవ్వొత్తిని గదికి ఆ చివర పెట్టి, భూతద్దాన్ని అట్టకు ఎదురుగా పట్టుకోండి. అద్దాన్ని కాస్త ముందుకూ వెనక్కూ జరిపితే, ఒకచోట అట్ట మీద మంట తలకిందులుగా, చాలా చిన్నదిగా స్పష్టంగా పడుతుంది. అప్పుడు అద్దానికీ అట్టకూ మధ్య ఉన్న దూరం దాదాపు ఆ అద్దపు నాభ్యంతరం. అది 10 సెంటీమీటర్లనుకోండి. ఇప్పుడు కొవ్వొత్తిని దగ్గరికి తెండి. మంట బొమ్మ మసకబారుతుంది. మళ్ళీ స్పష్టంగా కనబడాలంటే అట్టను అద్దానికి ఇంకాస్త దూరంగా జరపాలి. జరిపితే బొమ్మ మునుపటి కన్నా పెద్దదై కనిపిస్తుంది! కొవ్వొత్తి అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, అట్టను కూడా 20 సెంటీమీటర్ల దూరంలో పెడితే, అట్ట మీది మంట సరిగ్గా అసలు మంట అంతే ఉంటుంది.

కెమేరాలో అట్టకు బదులు ఫోటో గ్రహించే పలక ఉంటుంది. లెన్సు దానికి దగ్గరగా బిగించి ఉంటుంది గనక, దూరపు వస్తువులే దానికి బాగా కనిపిస్తాయి. మా 50 మిల్లీమీటర్ల లెన్సు సుమారు అరమీటరు కన్నా దగ్గర ఉన్నదాన్ని చూడలేదు. మీ వేలు ముక్కుకు ఆనించుకుని చూడండి, మీకూ అంతే. అరమీటరు దూరం నుంచి తీస్తే ఆరుద్ర పురుగు బొమ్మ పలక మీద రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో కళ్ళేం కనిపిస్తాయి?

పురుగు ఎంత ఉన్నదో బొమ్మ కూడా అంతే పడాలంటే, కొవ్వొత్తి లెక్క ప్రకారం లెన్సు పలకకు 50 మిల్లీమీటర్ల బదులు 100 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. అంటే మరో 50 ముందుకు జరగాలి. మూడు గొట్టాలూ కలిపితే ఎంత? 7, 14, 28. మొత్తం 49! ఈ లెక్క మా మేనల్లుడు శంకరపల్లి దగ్గర కట్టి, మిగిలిన ఒక్క మిల్లీమీటరు ఏమైందని నన్ను నిలదీశాడు. లెన్సు తనకు తానుగా తిప్పితే కొన్ని మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది గనక ఆ లోటు తీరిపోతుంది.

అయితే, చవక వస్తువుకు తిప్పలు కూడా ఉంటాయి. ఖరీదైన ట్యూబుల్లో లెన్సుకూ కెమేరాకూ కబురందించే విద్యుత్ స్పర్శలుంటాయి. మావాటిలో లేవు. ఈనాటి లెన్సులు చాలావరకు కెమేరా చెబితే గాని తమ లోపలి రంధ్రాన్ని చిన్నది చేసుకోవు. మా నాన్నగారి పాత లెన్సులో ఆ రంధ్రాన్ని చేత్తో తిప్పుకునే ఉంగరం ఉన్నది. కొత్త లెన్సుల ముందు ఎందుకూ పనికిరాదని అటక మీద పారేసిన ఆ లెన్సే మా పనికి సరిపోయింది. ఇంకొక తిప్ప ఏమంటే, ఆ గొట్టాల లోపలి పూత నిగనిగలాడుతూ ఉన్నది. వెలుతురు లోపలి గోడలకు తగిలి చిందటం వల్ల ఫోటోలు పొగపట్టినట్టు వచ్చేవి. నల్లటి చార్టు కాగితాన్ని కొలిచి కత్తిరించి, లోపల అంటించేసరికి ఆ పొగ పోయింది.

వస్తువు తక్కువైనచోట మనుషులు ఇట్లాంటి ఉపాయాలే చేస్తారు. మద్రాసులో ఎం. కృష్ణన్ అని గొప్ప ప్రకృతి శాస్త్రజ్ఞుడుండేవాడు. ఆయన 1912లో పుట్టి 1996లో పోయాడు. అడవి ఏనుగులను ఆయన తీసిన నలుపు తెలుపు ఫోటోలకు చాలా పేరు. ఆయన కెమేరా కూడా, ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి తానే కూర్చుకున్నది.

మేము కొండ కింద ఒక పల్లెలో, మా స్నేహితుడి ఇంట్లో దిగాం. ఆ రోజు మబ్బు పట్టింది గాని చినుకు పడలేదు. మధ్యాహ్నమంతా అభ్యాసం చేశాం. దారి పక్కన గడ్డిచామంతి బోలెడు ఉన్నది. దెబ్బ తగిలితే ఆకు పిండి పోస్తారు, ఆ మొక్కే. మీరు దాని పువ్వును ఎన్నోసార్లు తెంపి ఉంటారు. గొట్టాలు తగిలించి చూస్తే అది ఒక పువ్వు కాదు. మధ్యన పసుపుగా కనబడేదంతా చిన్న చిన్న పువ్వుల గుంపు. ఒక్కొక్కదానికీ విడివిడిగా అయిదు కొసలున్న గిన్నె లాంటి మూతి ఉన్నది. ఒక చీమ ఆ గుంపు మీద ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు, ఇంటి కప్పుల మీద నడిచినట్టు నడుస్తున్నది. మావాడు చాలాసేపు ఆ మొక్క దగ్గర నుంచి కదలలేదు.

అక్కడే మాకు మిగతా కష్టాలన్నీ తెలిసివచ్చాయి. మొదటిది, దూరం. లెన్సు నడుమ నుంచి పువ్వుకు పది సెంటీమీటర్లే ఉండాలి. లెన్సు ముందు అంచు నుంచి చూస్తే అంత కూడా ఉండదు. నీడ పువ్వు మీద పడుతుంది. ఇంకా దూరపు వస్తువు అసలే కనిపించదు. అదే కెమేరాను కొండ వైపు తిప్పితే అంతా పాలు కలిపినట్టుగా ఉంటుంది. రెండోది, వెలుతురు. లెన్సు పలకకు రెండింతల దూరం జరిగేసరికి పలక మీద పడే వెలుతురు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. దీపాన్ని రెండింతల దూరం జరిపితే పుస్తకం మీద వెలుగు నాలుగో వంతే పడుతుంది గదా, అట్లాగే. మూడోది అన్నిటికన్నా కఠినం. స్పష్టంగా కనబడే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు! చీమ తల సరిగా ఉంటే నడుము మసక, నడుము సరిగా ఉంటే తల మసక. లెన్సు రంధ్రాన్ని చిన్నది చేస్తే ఈ మందం కాస్త పెరుగుతుంది. అట్లా అని మరీ చిన్నది చేస్తే వెలుతురు ఆ రంధ్రపు అంచుల వద్ద వంగి, బొమ్మ మొత్తమే మెత్తబడిపోతుంది. అటూ ఇటూ చూసి, ఉంగరాన్ని 8 అనే అంకె వద్ద ఉంచాం.

ఇంత దగ్గర లెన్సును తిప్పి గురి కుదర్చటం కుదిరే పని కాదు. లెన్సును ముట్టుకోకుండా, ఊపిరి బిగబట్టి, ఒళ్ళే ముందుకూ వెనక్కూ ఊపాలి. కన్ను స్పష్టంగా కనబడిన క్షణంలో మీట నొక్కాలి. మోచేతులు నేలకు ఆనితేగాని ఇది సాధ్యం కాదు. చేతి వణుకుకు మందు ఫ్లాష్. అది వెలిగేది సెకనులో వెయ్యోవంతు ప్రాంతం గనక, ఆ కాస్త వ్యవధిలో వణికేందుకు చేతికి తీరిక ఉండదు. ఫ్లాష్ నేరుగా పడితే మెరిసిన చోటల్లా తెల్లటి మచ్చ పడుతుంది. అందుకని ట్రేసింగు కాగితానికి నడిమి కంత చేసి, లెన్సుకు గొడుగులాగా తొడిగాం. వెలుతురు ఆ కాగితమంతా పరుచుకుని మెత్తగా దిగింది.

మేము ఇట్లా నేల మీద పడుకుని ఉండగా ఒక తాత కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏం వెతుకుతుండ్రు సారూ? ఏమన్న పడిపోయిందా?"

"ఆరుద్ర పురుగు కోసం వచ్చాం తాతా," అన్నాను.

తాత పకపకా నవ్వాడు. "పట్నం నుంచి పురుగు కోసం వచ్చిండ్రా! వాన పడాలె గద. నేల నానాలె. నానినంక పొద్దుగాల రాండ్రి. గా గుట్ట పక్కన మా చెల్క ఉన్నది. ఉంటే అండ్లనే ఉంటయి." ఎర్రటి తేలిక నేలను ఆ వైపు చెల్క అంటారు. తాత వెళ్ళబోతూ, తన చిన్నతనంలో అడుగు పెట్టే చోటు లేకుండా వచ్చేవనీ, ఇప్పుడు నాలుగు కనబడితే గొప్పనీ అన్నాడు.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఉరుము వినబడింది. ఒక గంట జోరుగా వాన కురిసింది. కరెంటు పోయి వచ్చింది. వచ్చిన కొంతసేపటికి వాకిట్లో దీపం చుట్టూ ఉసిళ్ళు ముసురుకున్నాయి. పుట్టల్లో నుంచి రెక్కలు తొడుక్కుని బయటికి వచ్చే చెదపురుగులే ఉసిళ్ళు. ఇంటావిడ దీపం తీసేసి, పళ్ళెంలో నీళ్ళు పెట్టింది. మావాడు వాటి ఫోటోలు కూడా తీస్తానన్నాడు గాని, చెమ్మగాలిలో లెన్సు విప్పితే కెమేరా లోపల తేమా, దుమ్మూ చేరుతాయని నేను ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికే చెల్కకు చేరాం. నేల మెత్తగా, కాలు దిగబడకుండా ఉన్నది. అక్కడక్కడా రాలిన ఉసిళ్ళ రెక్కలు మట్టికి అంటుకుని మెరుస్తున్నాయి. అరగంట వెతికినా ఏమీ కనిపించలేదు. మావాడి మొహం వాడిపోయింది. ఏడు కావస్తూండగా మబ్బులో నుంచి కాస్త వెలుగు వచ్చింది. అప్పుడు గట్టు వారగా ఒకటి కనిపించింది. తరవాత దాని పక్కనే ఇంకొకటి. ఆ పైన మేము వెతకనే లేదు, అడుగు చూసుకుని వెయ్యటమే మా పని అయింది.

ఆరుద్ర పురుగు మామూలు కంటికి నెమ్మదిగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. గొట్టాల్లో నుంచి చూస్తే అది పరుగే. గురి కుదిరేలోగా బొమ్మలో నుంచి దాటిపోతుంది. దాని వెంట పాకటం వల్ల లాభం లేదని మావాడే కనిపెట్టాడు. అది పోయే దారి చూసుకుని, జానెడు ముందు ఎడమచెయ్యి నేలకు ఆనించి, ఆ చేతి మీద లెన్సు పెట్టి కాచుకున్నాడు. అది ఎదురు నడిచివచ్చినప్పుడు ఒకటి, రెండు, మూడు మీటలు నొక్కాడు. అంతలో అది లెన్సు కిందికి దూరిపోయింది. వాడి చొక్కా అంతా ఎర్రమట్టి.

ఈసరికి తాతా, పదేళ్ళ మనుమరాలూ వచ్చారు. ఆ పిల్ల చేతిలో అగ్గిపెట్టె ఉన్నది. అందులో పరిచిన పచ్చగడ్డి మీద ఏడు ఆరుద్ర పురుగులున్నాయి.

"అన్నా, నా దగ్గర ఏడున్నయి. మస్తు గడ్డి కూడ పెట్టిన," అన్నది.

మావాడు కెమేరా వెనక ఉన్న చిన్న తెర మీద ఒక్కొక్క ఫోటోనే తీసి చూపించాడు. చాలా ఫోటోల్లో ఎర్రటి మసక తప్ప ఏమీ లేదు. ఒకదానిలో మఖమలంతా వెంట్రుకలై కనిపించింది. వేల వెంట్రుకలు, ఒకదాని పక్కన ఒకటి, కుంచెలాగా దట్టంగా. వాటి మీద మట్టిరవ్వ ఒకటి పెద్ద బండరాయంత కనిపించింది. కాళ్ళు లెక్కపెట్టారు. ఎనిమిది. పురుగులకు ఆరు కాళ్ళు గదా అని మావాడు నా వైపు చూశాడు. నిజానికి ఆరుద్ర పురుగు కీటకం కాదు. సాలీడుకూ, తేలుకూ, పశువులను పట్టే గోమారికీ చుట్టం. పుట్టినప్పుడు దానికి ఆరే కాళ్ళుంటాయి. అప్పుడు మిడత వంటి కీటకాలను పట్టుకుని వేలాడుతూ, వాటి ఒంట్లోని రసం తాగి బతుకుతుంది. పెరిగాక ఎనిమిది కాళ్ళతో నేలలోకి దిగుతుంది. ముందరి రెండు కాళ్ళను నడవటానికి కాక, గుడ్డివాడు కర్ర తాటించినట్టు దారి తడుముకోవటానికి ఎక్కువగా వాడుతుంది. ఆ రెండూ గాలిలో లేచి ఉన్న ఫోటో కూడా దొరికింది.

"కళ్ళేవి?" అన్నది ఆ పిల్ల.

ఒక ఫోటోను పెంచి, పెంచి చూశాం. ముందరి కాళ్ళ మొదట్లో, వెంట్రుకల మధ్య, పొట్టి కాడ మీద నల్లటి నలుసు. దాన్ని ఆనుకుని మరొక నలుసు. ఒక్కొక్క పక్క రెండేసి కళ్ళు! మావాడు కెమేరాను కింద పెట్టి, లేచి నిలబడి, ఏమీ మాట్లాడకుండా కాసేపు అటూ ఇటూ నడిచాడు.

అయితే, నా లెక్కలో అసలైన ఫోటో అది కాదు. తరవాత వచ్చినదానిలో పురుగు నోటి దగ్గర ఏదో పాలిపోయిన పుల్ల ఉన్నది. గడ్డిపరక అనుకున్నాం. "గడ్డి తింటున్నది," అని ఆ పిల్ల సంతోషించింది. పెంచి చూస్తే ఆ పరకకు తల ఉన్నది, కాళ్ళున్నాయి, నడుము దగ్గర రెక్కలు రాలిన మోళ్ళున్నాయి. అది రాత్రి మా దీపం చుట్టూ తిరిగినటువంటి చెదపురుగు!

ఏడాదిలో ఆ నాలుగు రోజులే ఇవి ఎందుకు పైకి వస్తాయన్నది దీనితో తేలిపోతుంది. తొలకరికి చెదపురుగులు రెక్కలతో బయటపడతాయి. రెక్కలు రాల్చుకుని నేల మీద పాకేటప్పుడు వాటికి ఏ రక్షణా ఉండదు. నేలలో దాగి ఉన్న ఆరుద్ర పురుగులు సరిగ్గా అదే సమయానికి విందుకు వచ్చినట్టు వస్తాయి. జతకూడేది కూడా అప్పుడే. అమెరికాలో కాలిఫోర్నియా ఎడారిలో వీటి బంధువులున్నాయి. వాటి బతుకు కూడా ఇంతేనని, వాన తరవాత కొద్ది గంటలు నేల మీద చెదపురుగులను తిని మళ్ళీ లోపలికి పోతాయని, అక్కడి శాస్త్రజ్ఞులు 1962లో ప్రకటించారు. పట్టపగలు అంత ఎర్రగా తిరిగినా వీటిని పక్షులు ఎత్తుకుపోకపోవటానికి కారణం వీటి రుచి చాలా చెడ్డది కావటమే. ఆ రంగు ఒక హెచ్చరిక అన్నమాట. మనుషులకు మాత్రం ఆ హెచ్చరిక పనిచెయ్యదు. నాటుమందుల కోసం వీటిని ఏరి, ఎండబెట్టి, నూనె తీస్తారు. ఛత్తీస్‌గఢ్ వైపు వానాకాలంలో వీటిని పోగుచేసి అమ్మటం ఉన్నది.

నేను ఇదంతా చెబుతూంటే ఆ పిల్ల ఫోటో వైపూ, అగ్గిపెట్టెలోని గడ్డి వైపూ మార్చి మార్చి చూసింది.

"మరి గివి పొద్దటి నుంచి ఏం తినలే?" అని తాతను అడిగింది.

"నాకేమెరుక బిడ్డా? మేము గూడ గడ్డే పెట్టినం," అన్నాడు తాత.

ఆ పిల్ల గట్టు దగ్గరికి పోయి, అగ్గిపెట్టె తెరిచి, ఒక్కొక్కదాన్నే మట్టి మీదికి దించింది. ఆరింటిని దించింది. ఏడోదాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు ఆలోచించి, దాన్ని మాత్రం మళ్ళీ పెట్టెలో వేసుకుని, చెదలు ఎక్కడున్నాయో చూపించమని తాతను చెట్టు మొదలు వైపు లాక్కుపోయింది.

తొమ్మిదింటికి ఎండ వచ్చింది. చూస్తూండగానే చెల్క ఖాళీ అయింది. మేమూ లేచాం.

తిరుగు రైల్లో లెక్క చూస్తే మొత్తం 187 ఫోటోలు. వాటిలో చెప్పుకోదగినవి తొమ్మిది. కళ్ళు స్పష్టంగా ఉన్నవి నాలుగు. మావాడు నోటుపుస్తకంలో గళ్ళు గీసి, ఏ ఫోటోకు ఏ గొట్టాలు వాడిందీ రాసుకున్నాడు. ఉన్న గొట్టాలన్నీ తగిలిస్తేనే మంచి ఫోటో వస్తుందనుకోకండి. కళ్ళకు మూడూ కావలసివచ్చాయిగాని, పురుగూ, దాని చుట్టూ నేలా కలిసి కనబడే మంచి ఫోటోలు 14 మిల్లీమీటర్ల గొట్టం ఒక్కదానితో వచ్చినవే. చెదపురుగు ఉన్న ఫోటో 28 దానితో తీసింది.

మీలో ఎవరికైనా ఇంట్లో పాత లెన్సూ, దానికి తగిన కెమేరా ఉంటే, ట్యూబులు కొనేటప్పుడు మీ కెమేరా పేరు చెప్పి, దానికి పట్టే ఉంగరాలే అడగండి. ఒక కెమేరా ఉంగరం మరొక కెమేరాకు పట్టదు. లెన్సు లేదనుకుని కెమేరా మొరాయిస్తే, లెన్సు లేకపోయినా ఫోటో తీసేటట్టు చాలా కెమేరాల్లో ఒక ఏర్పాటు ఉంటుంది, అది వెతకండి. మరలు బలంగా బిగించకండి, విప్పటం కష్టమవుతుంది. గాలి వీస్తున్నచోట లెన్సు విప్పకండి. తేళ్ళూ, పాములూ కూడా వాన తరవాత బయటికి వస్తాయి గనక, పడుకోబోయే చోటును ముందుగా కర్రతో కదిలించి చూడండి.

ఆ తరవాతి వారమంతా హైదరాబాదులో ముసురు పట్టింది. మావాడు బయటికి పోలేక వంటింట్లో దుకాణం పెట్టాడు. నల్ల కాగితం మీద ఉప్పు చల్లి మూడు గొట్టాలతో తీస్తే, ఒక్కొక్క ఉప్పురవ్వా పాచికలాగా నలుపలకలుగా కనబడింది. మా అక్క మొదట నమ్మలేదు. తన కళ్ళజోడు తెచ్చుకుని తెర మీద చూసింది. తరవాత పంచదార చల్లాడు. ఫోటోకు అన్నీ సర్దుకునేలోగా చీమలు వచ్చేశాయట. వాటినీ తీశాడు.